అల్లెతాటి ఆయుష్షు

ఈ నెల ‘పనిముట్ల ప్రపంచం’ శీర్షికకు మేము ఎన్నుకున్న వస్తువు ఒక తాడు. మూరన్నర పొడవు, చిటికెన వేలంత మందం కూడా లేని తాడు. క్రాస్‌బో అనే వేట విల్లుకు కట్టే అల్లెతాడు. వేటగాని ఆయుధానికీ మన కర్మాగారానికీ, మన ఇళ్ళకూ ఏమి సంబంధమని పాఠకులకు సందేహం కలగవచ్చు. క్రేను కొక్కేనికి వేలాడే స్లింగు మొదలు పెరటి వేపచెట్టుకు కట్టిన పిల్లల ఉయ్యాల వరకు, బరువు మోసే ప్రతి తాడుకూ వర్తించే ధర్మాలన్నీ ఈ చిన్న అల్లెతాటిలో కనిపిస్తాయి. పైగా మనిషి తన చేతులతో నార తీసి, పురి పెట్టి, మైనం పట్టించి వాడుకున్న తాళ్ళలో ఇంతటి కఠినమైన పని చేసిన తాడు మరొకటి అరుదు. అందువలన దీనిని ఎన్నుకొనడం, కొత్తలో కుదుర్చుకొనడం, పని లేనప్పుడు భద్రపరచడం అనే మూడు విషయాలను ఈ నెల పరిశీలిద్దాం.

అడ్డంగా బిగించిన విల్లు

మామూలు విల్లును ఒక చేత నిలువుగా పట్టి, రెండవ చేత నారి లాగి, లాగిన నారిని వేళ్ళతో నిలిపి ఉంచి గురి చూస్తారు. క్రాస్‌బోలో విల్లును ఒక కొయ్య దిమ్మె కొనకు అడ్డంగా బిగిస్తారు. అల్లెతాటిని వెనక్కి లాగి ఒక కొక్కేనికి తగిలిస్తే అది అక్కడే నిలుస్తుంది. దిమ్మె మీది గాడిలో పొట్టి బాణాన్ని ఉంచి, తుపాకి వలె భుజానికి ఆనించి, క్రింది మీట నొక్కితే కొక్కెం తిరిగి తాడు విడుదల అవుతుంది. లాగిన నారిని పట్టి ఉంచే శ్రమ మనిషి వేళ్ళ నుంచి కొక్కేనికి మారింది గనుక, చేతులతో నిలపలేనంత బలమైన విల్లును వాడే అవకాశం ఏర్పడింది.

ఈ ఆయుధం చైనాలో క్రీస్తు పూర్వమే వాడుకలో ఉన్నది. ఐరోపాలో మధ్యయుగాలలో ఇది ఎంత భయం పుట్టించిందంటే, 1139లో జరిగిన రెండవ లాటరన్ మహాసభ దీనిని క్రైస్తవుల మీద ప్రయోగించరాదని శాసించింది. తుపాకి వచ్చి యుద్ధరంగం నుంచి దీనిని తప్పించినా, శబ్దం చేయని ఆయుధం కావడం వలన వేటగాళ్ళ చేతుల్లో ఇది ఆ తరువాత కూడా నిలిచింది. చైనాలోని యున్నాన్ కొండల్లోనూ, పొరుగున ఉన్న మయన్మార్, థాయిలాండ్ కొండల్లోనూ నివసించే లిసు ప్రజలు కొయ్యతో చేసిన క్రాస్‌బోలను, వాటికి నారతో చేతులతో పేనిన తాళ్ళను తరతరాలుగా వాడారు. ఈ లిసులు మన అరుణాచల్ ప్రదేశ్‌లోని చాంగ్‌లాంగ్ జిల్లాలో కూడా ఉన్నారు.

ఐరోపా క్రాస్‌బోల విషయంలో ప్రామాణికంగా చెప్పుకొనే గ్రంథాన్ని సర్ రాల్ఫ్ పేన్‌గాల్వే అనే ఆంగ్లేయుడు 1903లో ప్రచురించాడు. అల్లెతాళ్ళను ఎట్లా చుట్టేవారో ఆయన బొమ్మలు వేసి మరీ వివరించాడు. ఉక్కు విల్లు గల ఒక పాత యుద్ధపు క్రాస్‌బోను ఆయన స్వయంగా ప్రయోగించి చూశాడు. దానిని ఎక్కుపెట్టడానికి సుమారు 1,200 పౌండ్ల బలం, అంటే 540 కిలోలకు పైగా కావలసి వచ్చింది. బాణం 400 మీటర్లు దాటి పడింది. అంతటి బలాన్నీ ఆ ఉక్కు విల్లు కొనల నుంచి బాణానికి అందించినది దారపు పోగుల కట్ట ఒకటే.

రిగ్గర్లకు తెలిసిన లెక్క

అల్లెతాడు ఎందుకు తెగుతుందో గ్రహించడానికి మన రిగ్గర్లకు కంఠతా వచ్చిన లెక్క ఒకటి చాలు. రెండు కాళ్ళ స్లింగుతో ఒక టన్ను బరువు ఎత్తుతున్నామనుకొందాం. ఒక్కొక్క కాలు నేలకు సమాంతరమైన రేఖతో 60 డిగ్రీల కోణం చేస్తున్నప్పుడు దాని మీద పడే బిగువు సుమారు 580 కిలోలు. కోణం 30 డిగ్రీలకు తగ్గితే అది 1,000 కిలోలు అవుతుంది. 15 డిగ్రీలకు తగ్గితే 1,930 కిలోలు. బరువు ఒక్క గ్రాము కూడా పెరగలేదు. కాళ్ళు పరచుకున్న కొద్దీ బిగువు పెరిగింది.

అల్లెతాడు కూడా రెండు కాళ్ళ స్లింగు వంటిదే. విల్లు రెండు కొనలు రెండు ఆధారాలు. నడుమ కొక్కెం లాగే బలమే బరువు. 80 కిలోల బలంతో లాగవలసిన విల్లును ఎక్కుపెట్టినప్పుడు తాడు రెండు వైపులా 30 డిగ్రీల కోణంలో వంగి ఉంటే, ఒక్కొక్క వైపు బిగువు 80 కిలోలు. అయితే అసలు పరీక్ష అక్కడ కాదు. మీట నొక్కగానే తాడు ముందుకు దూసుకుపోతూ తిన్నబడుతుంది. బాణం తాటిని విడిచిన క్షణాన విల్లు కొనలు ఇంకా ముందుకే పోవాలని చూస్తాయి. వాటిని ఆపేది తాడు తప్ప మరొకటి లేదు. అప్పుడు కోణం దాదాపు లేనే లేదు. బిగువు మాత్రం లాగినప్పటి కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. గాడిలో బాణం లేకుండా మీట నొక్కితే, బాణంతో పోవలసిన శక్తి కూడా తాటి మీదా విల్లు మీదా పడుతుంది. తాడు తెగడం, విల్లు విరగడం, తునకలు తగిలి మనిషి గాయపడడం చాలావరకు ఇటువంటి ఖాళీ విడుపుల వలననే జరుగుతాయి.

అందుచేత అల్లెతాటికి విల్లు బలంతో సమానమైన శక్తి ఉంటే చాలదు. దానికి కనీసం నాలుగైదు రెట్లు ఉండాలని తయారీదారులు లెక్క వేస్తారు. మన స్లింగుల మీద వేసే సురక్షిత భారం ముద్ర వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే.

ఏ నార మేలు?

నార ఎంపిక మన దేశానికి కొత్త విద్య కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఆయుధాగారాధ్యక్షుని విధులను వివరించే అధ్యాయం అల్లెతాళ్ళకు ఆరు పదార్థాలను పేర్కొంటుంది. అవి మూర్వ, జిల్లేడు, జనుము, గవేధువు అనే గడ్డి, వెదురు, జంతువుల స్నాయువు. మధ్య భారతంలోని అనేక గిరిజన జాతులు తమ విళ్ళకు వెదురు బద్దనే నారిగా కట్టారు. మూర్వతో చేసినది గనుక అల్లెతాటికి ‘మౌర్వి’ అనే పేరు వచ్చింది. మూర్వగా చాలామంది గుర్తించిన మొక్కను తెలుగులో చాగ అంటారు. మన క్వార్టర్ల వరండాలలో కుండీలలో పెంచుకొనే, కత్తుల వంటి ఆకులతో చారలు చారలుగా ఉండే పాము మొక్క ఈ చాగకు దగ్గరి చుట్టమే.

ఈ నారల బలాబలాలను తూకం వేసి చూసిన తొలి శాస్త్రజ్ఞులలో విలియం రాక్స్‌బర్గ్ ఒకడు. పద్దెనిమిదవ శతాబ్దం చివర ఆయన మన సామర్లకోటలో మొక్కల తోట పెంచి, తరువాత కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానానికి అధిపతి అయ్యాడు. ఈ దేశపు నారలతో పేనిన తాళ్ళను పొడిగానూ, తడిపీ బరువులు వేలాడదీసి పోల్చాడు. రాజమహల్ కొండల ప్రజలు ఒక తీగ మొక్క నారతో పేనిన అల్లెతాళ్ళు చాలాకాలం మన్నుతాయని ఆయన గమనించాడు. చాగలో ఒక జాతికి శాస్త్రీయ నామం ఆయన పేరు మీదనే ఏర్పడింది.

అల్లెతాటి నారలో చూడవలసిన గుణాలు మూడు. మొదటిది బలం. రెండవది సాగకపోవడం. తాడు రబ్బరు వలె సాగితే విల్లు శక్తి బాణానికి అందక తాటిలోనే వ్యర్థమవుతుంది. మూడవది తేమకు తట్టుకొనడం. జనుము, అవిసె, గంజాయి జాతి మొక్కల నారలు ఈ మూడింటిలోనూ మంచివి. ఇవి తడిసినప్పుడు బలం కోల్పోకపోగా కొంత పెరుగుతుంది కూడా. కాని పోగులు ఉబ్బుతాయి. పురి పెట్టిన తాడు పొట్టిదవుతుంది. స్నాయువు, పచ్చితోలు వంటి జంతు పదార్థాల సంగతి దీనికి విరుద్ధం. పొడి గాలిలో అవి అమోఘంగా పనిచేస్తాయి. తడిస్తే మెత్తబడి సాగిపోతాయి. ఎండ దేశంలో మెచ్చుకున్న తాడు వాన దేశంలో అక్కరకు రాకపోవడానికి కారణం ఇదే.

ఈ కాలంలో చేతితో అల్లెతాళ్ళు చుట్టేవారు ఎక్కువగా కృత్రిమ నారలనే వాడుతున్నారు. డాక్రాన్ పేరుతో దొరికే పాలిస్టర్ పోగులు కొద్దిగా సాగుతాయి. ఆ స్వల్పమైన సాగుడే విల్లు కొనల మీద పడే కుదుపును మెత్తబరుస్తుంది గనుక కొయ్య విళ్ళకూ, పాత ఉక్కు విళ్ళకూ అవే క్షేమం. డైనీమా, స్పెక్ట్రా అనే పేర్లతో వచ్చే పాలిఎథిలీన్ నారలు వాటికంటే ఎంతో బలమైనవి. సాగుడు చాలా తక్కువ. కాని అవి వేడికి ఓర్వవు. సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగిపోతాయి. అంతకు ఎంతో తక్కువ వేడిలో కూడా, భారం మీద ఎక్కువ కాలం ఉంచితే మెల్లమెల్లగా పొడవు పెరుగుతాయి.

బలం ఒక్కటే చూస్తే ఏమవుతుందో చెప్పడానికి కెవ్లార్ ఉదాహరణ చాలు. 1970ల దశకంలో విలువిద్య క్రీడలోకి ఈ నార వచ్చినప్పుడు క్రీడాకారులు దానిని ఎంతో ఆదరించారు. అది సాగదు, బరువు తక్కువ, బాణం వేగం పెరిగింది. అయితే అది మడతకు ఓర్వదు. పైకి ఏ చిహ్నమూ కనిపించకుండా లోపలి పోగులు విరిగి, ఒకనాడు హఠాత్తుగా తెగిపోయేది. డాక్రాన్ తాడు అట్లా కాదు. అది తెగబోయే ముందు పోగు లేస్తుంది, నూగు పుడుతుంది, పొడవు మారుతుంది. ముందుగా హెచ్చరించే తాడు, హెచ్చరించని తాటి కంటే బలం కొంత తక్కువైనా మేలైనదని అనుభవజ్ఞులు తేల్చారు.

కొనేముందు చూడవలసినవి

చేతితో చేసిన అల్లెతాడు ఒకే పొడవైన దారాన్ని రెండు మేకుల చుట్టూ తెంపకుండా అనేక వరుసలుగా చుట్టి చేసినది. చివరల కొంత భాగాన్ని సన్నని దారంతో గట్టిగా చుట్టి, విల్లు కొనలకు తగిలించే వలయాలుగా మలుస్తారు. కొక్కెం పట్టే నడిమి భాగానికి కూడా దారంతో పైచుట్టు వేస్తారు. ఎక్కడా ముడి ఉండదు. తాటిని ముడి వేసిన చోట దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది. ముడి వేసిన అల్లెతాటిని ఎవరు అమ్మజూపినా తీసుకొనరాదు.

పోగుల సంఖ్యకు ఒక లెక్క ఉన్నది. డాక్రాన్ పోగు ఒక్కొక్కటి సుమారు 22 కిలోలు ఓర్చుకొంటుంది. 80 కిలోల విల్లుకు అయిదు రెట్లు అంటే 400 కిలోలు. దానికి 19 పోగులు లెక్కకు సరిపోతాయి. కాని దిమ్మె మీద రాపిడికీ, కొక్కెం అంచు ఒత్తిడికీ కొంత చేర్చుకొని తయారీదారులు అంతకంటే ఎక్కువ పోగులనే చుడతారు. మరీ మందమైనా ముప్పే. తాటి బరువు పెరిగి బాణం మందగిస్తుంది; కొక్కేనికి సరిగా పట్టదు.

తాటిని చేతిలోకి తీసుకొని రెండు వలయాలలోనూ చెరొక వేలు ఉంచి బిగించి చూడాలి. అన్ని పోగులూ ఒకే తీరుగా బిగిస్తే అది మంచి తాడు. రెండు మూడు పోగులు వదులుగా వేలాడితే మిగిలినవే భారమంతా మోస్తున్నాయన్నమాట. అవి ముందు తెగుతాయి. తరువాత వదులు పోగుల వంతు వస్తుంది. పైచుట్టును బొటనవేలితో పక్కకు నెట్టి చూడాలి. అది కదిలితే, చుట్టిన మనిషి తాటిని తగినంత బిగువులో ఉంచి చుట్టలేదని అర్థం. రెండు వలయాలూ ఒకే కొలతలో, ఒరుసుకొనే అంచులు లేకుండా నునుపుగా ఉండాలి. అన్నిటికీ మించి పొడవు ఆ విల్లుకు సరిపోవాలి. పొట్టి తాడు విల్లును ఎల్లవేళలా అధికంగా వంచి ఉంచుతుంది. పొడవైన తాడు బాణానికి శక్తిని సరిగా అందించదు.

కొత్త తాటిని కుదుర్చుకొనడం

కొత్త అల్లెతాడు ఎంత చక్కగా చుట్టినా మొదట కొంత సాగుతుంది. నార సాగడం వేరు, తాడు సర్దుకొనడం వేరు. పోగుల నడుమ ఉన్న ఖాళీలు మూసుకొని, పైచుట్టు కుదురుకొని, వలయాలు విల్లు కొనల ఆకారానికి ఒదిగేవరకు పొడవు మారుతూనే ఉంటుంది. ఈ మార్పు పూర్తి కాకముందే ఆ తాటితో పనిలోకి దిగడం అవివేకం.

మొదటి పని మైనం పట్టించడం. స్వచ్ఛమైన తేనెమైనాన్ని తాటి పొడవునా రుద్ది, తోలు ముక్కతో పట్టి వేగంగా పైకీ కిందికీ లాగితే రాపిడి వేడికి మైనం లోపలి పోగులలోకి ఇంకుతుంది. మిగులు మైనాన్ని, తాటి చుట్టూ ఒక దారం మెలిక వేసి లాగి, తీసివేయాలి. మైనం పోగులను కలిపి ఉంచుతుంది, తేమను అడ్డుతుంది, పోగుకూ పోగుకూ నడుమ రాపిడిని తగ్గిస్తుంది. నడిమి పైచుట్టుకు మాత్రం మైనం దట్టంగా పట్టించరాదు. దానికి దుమ్మూ ఇసుకా అంటుకొని దిమ్మె మీద ఆకురాయి వలె పనిచేస్తాయి. అక్కడ పలుచని కందెన చాలు.

రెండవ పని తాటిని విల్లుకు ఎక్కించి కొలత తీయడం. విల్లు నడిమి నుంచి తాటి వరకు ఉన్న దూరాన్ని కొలిచి ఒక చీటీ మీద వ్రాసుకోవాలి. కొన్ని గంటలు అట్లాగే ఉంచి మళ్ళీ కొలిస్తే దూరం కొంత తగ్గి ఉంటుంది. తాటిని దించి, పైచుట్టు తిరిగిన దిశలోనే కొన్ని పురులు ఎక్కించి పాత కొలతకు తేవాలి. పురి ఎదురు దిశలో ఎక్కిస్తే పైచుట్టు వదులవుతుంది. పురి మరీ ఎక్కువైతే తాడు స్ప్రింగు వలె సాగుతుంది, బలమూ తగ్గుతుంది.

మూడవ పని లాగడం. తేలిక విళ్ళను మొదట సగం వరకు లాగి, వదలకుండా మెల్లగా తిరిగి తేవాలి. ఇట్లా పలుమార్లు చేసిన తరువాతనే పూర్తిగా ఎక్కుపెట్టాలి. పిమ్మట గడ్డి మోపు వంటి గురి మీద పది బాణాలు వేసి కొలత చూడాలి. మళ్ళీ పది వేసి చూడాలి. ఇరవై ముప్పై బాణాల తరువాత కొలత మారకుండా నిలిస్తే తాడు కుదిరిందని భావించవచ్చు. అప్పుడు తాడు దిమ్మెను దాటే చోట రెండు వైపులా చిన్న గుర్తులు పెట్టాలి. ఎక్కుపెట్టిన ప్రతిసారీ ఆ గుర్తులు దిమ్మెకు రెండు వైపులా సమానంగా ఉండాలి. ఒక వైపు జరిగితే విల్లు రెండు భుజాలు సమానంగా లాగవు. బాణం పక్కకు పోతుంది.

వేటకు వెళ్ళేవాడు ఎప్పుడూ రెండవ తాటిని వెంట ఉంచుకొంటాడు. ఆ రెండవది కొత్తది కారాదు. దానిని కూడా ముందే ఎక్కించి, ఇరవై ముప్పై బాణాలు వేసి, కుదుర్చుకొని, కొలత వ్రాసిన చీటీతో సహా దాచి ఉండాలి. అవసరం వచ్చిన నాడు పెట్టె తెరిచి కొత్త వస్తువును నమ్ముకోవడం కంటే, పరీక్షించి పక్కన పెట్టినదానిని నమ్ముకోవడం శ్రేయస్కరం.

భద్రపరచే విధానం

పని ముగియగానే తాటిని దించి విల్లుకు విశ్రాంతి ఇవ్వడం కొయ్య విళ్ళకూ పాత ఉక్కు విళ్ళకూ నియమం. ఎక్కుపెట్టిన విల్లును రాత్రంతా అట్లాగే ఉంచడం ఏ విల్లుకైనా, ఏ తాటికైనా మంచిది కాదు. తెగేదాకా లాగరాదని మన పెద్దలు అన్న మాట లాగి ఉంచడానికి కూడా వర్తిస్తుంది.

దించిన తాటిని పొడి గుడ్డతో తుడిచి, తడిసి ఉంటే నీడలో గాలికి ఆరనివ్వాలి. పొయ్యి పక్కన, ఎండలో ఆరవేయరాదు. తేనెమైనం సుమారు 62 డిగ్రీల వద్ద కరుగుతుంది. మూసి ఉంచిన కారు అద్దం వెనుక, వేసవిలో రేకుల కప్పు క్రింద పెట్టిన వస్తువులు ఎంత కాలిపోతాయో మనకు తెలియనిది కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కృత్రిమ నారలను నెలల తరబడి తినివేస్తాయి. ఆరిన తాటిని మడతలు పడకుండా వెడల్పైన చుట్టగా చుట్టి కొయ్య మేకుకు తగిలించాలి. ఇనుప మేకు తుప్పు నారకు అంటుతుంది. తేమ గల చోట మొక్కల నారకు బూజు పడుతుంది. స్నాయువు తాళ్ళకు పురుగు పడుతుంది. మైనం వాసనకు ఎలుకలు వస్తాయి. గుడ్డ సంచిలో వేపాకుతో ఉంచి, మాసానికి ఒకసారి తీసి గాలి పట్టనిస్తే ఈ మూడు బాధలూ తగ్గుతాయి. బ్యాటరీలు, సున్నం, శుభ్రపరచే రసాయనాలు ఉన్న గదిలో తాటిని ఉంచరాదు. ఘాటైన క్షారం పాలిస్టర్‌ను, ఆమ్లం నైలాన్‌ను చెడగొడతాయి.

ఆయుధాగారంలోని వస్తువుల చోటు తరచు మార్చాలనీ, వాటికి ఎండా గాలీ తగలనివ్వాలనీ, వేడి, తేమ, పురుగుల వలన చెడేవాటిని వేరుగా ఉంచాలనీ అర్థశాస్త్రం ఆనాడే విధించింది. మన స్టోర్స్ విభాగం మిత్రులకు ఈ విధులు కొత్తగా తోచవు. ఒక్క భేదం మాత్రం ఉన్నది. ఆనాటి ఆయుధాలకు ఎండ మేలు చేసింది. ఈనాటి కృత్రిమ నారకు నీడే మేలు.

తడి విషయంలో చరిత్ర ఒక ఉదాహరణను మిగిల్చింది. 1346 ఆగస్టు 26న ఫ్రాన్సులోని క్రేసీ వద్ద జరిగిన యుద్ధంలో ఫ్రెంచి పక్షాన ముందు నిలిచినవారు జెనోవా క్రాస్‌బో యోధులు. యుద్ధానికి ముందు జడివాన కురిసింది. వారి అల్లెతాళ్ళు నాని కుంచించుకుపోయాయనీ, ఎదుటి ఆంగ్లేయులు మాత్రం తమ విళ్ళ నారులను దించి శిరస్త్రాణాల క్రింద దాచుకున్నారనీ సమకాలికుడైన జాన్ ద వెనెట్ వ్రాశాడు. జెనోవా వారి పరాజయానికి చరిత్రకారులు ఇతర కారణాలు కూడా చెబుతారు. అయినా ఒక సన్యాసి చరిత్ర వ్రాస్తూ తాళ్ళను తడవకుండా దాచిన సంగతిని ప్రస్తావించడం గమనింపదగినది.

ఎప్పుడు పారవేయాలి?

ఇది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. నూగు లేచినంత మాత్రాన తాటిని పారవేయనక్కరలేదు. మైనం పట్టిస్తే సరిపోతుంది. పైచుట్టు విడితే దానిని మళ్ళీ చుట్టవచ్చు. కాని అసలు పోగులలో ఒక్కటి తెగినా ఆ తాటి పని అయిపోయినట్లే. కుదిరిన తాడు మళ్ళీ కారణం లేకుండా సాగడం మొదలుపెట్టినా, వలయం దగ్గర నార పెళుసుబారినా, ఖాళీ విడుపు ఒక్కసారి జరిగినా దానిని తీసివేయాలి. తీసివేసిన తాటిని వెంటనే రెండు ముక్కలుగా కోయాలి. ‘ఎప్పటికైనా పనికి వస్తుంది’ అని మూలన పడవేసిన తాడు, తొందరలో ఉన్న మరొకరి చేతికి తప్పక దొరుకుతుంది.

ఎవరి ప్రాణం?

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. బ్రిటన్‌లో 1981 నాటి చట్టం అడవి జంతువులను విల్లుతో గాని క్రాస్‌బోతో గాని చంపడాన్ని నిషేధించింది. అమెరికాలోని పలు రాష్ట్రాలలో మాత్రం నిర్ణీత ఋతువులో, అనుమతి పత్రంతో, జింకలను క్రాస్‌బోతో వేటాడవచ్చు. ఈ వ్యాసం వేటకు ప్రోత్సాహం కాదని పాఠకులు గ్రహింతురు గాక.

అయినా వేట అనుమతించిన చోట మంచి వేటగాడు తాటి విషయంలో ఇంత నిష్ఠ ఎందుకు పాటిస్తాడో మనం ఆలోచించదగినది. తుపాకి గుండు వలె బాణం అదటుతో చంపదు. రక్తస్రావం వలన చంపుతుంది. సరైన చోట తగిలితే జంతువు కొద్ది క్షణాలలో నేలకొరుగుతుంది. 30 మీటర్ల దూరంలో గురి జానెడు తప్పితే గాయంతో పొదలలోకి పారిపోయి, ఎక్కడో రోజుల తరబడి బాధపడి చనిపోతుంది. తాడు కొద్దిగా సాగినా, ఒక పక్కకు జరిగినా ఆ జానెడు తేడా రావచ్చు. తాటిని చూసుకోని వేటగాని అశ్రద్ధకు మూల్యం చెల్లించేది వేటగాడు కాదు, అక్కడ ఏమి జరిగిందో ఎరుగని ప్రాణి.

మన కర్మాగారంలో కూడా న్యాయం ఇంతే. స్లింగును ఎంపిక చేసేవాడు ఒకడు, భద్రపరచేవాడు ఒకడు, తనిఖీ పుస్తకంలో సంతకం చేసేవాడు ఒకడు. ఆ బరువు క్రింద నడిచేవాడు మరొకడు. అతనికి ఆ తాటి చరిత్ర ఏమీ తెలియదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ బరువులెత్తే తాళ్ళనూ గొలుసులనూ పన్నెండు మాసాలకు ఒకసారైనా అర్హుడైన వ్యక్తి క్షుణ్ణంగా పరీక్షించాలని నిర్దేశించింది. చట్టాల పేర్లు, సెక్షన్ల అంకెలు కాలానుగుణంగా మారవచ్చు. నడిచిపోయేవాని నమ్మకాన్ని నిలబెట్టవలసిన బాధ్యత మారదు.

ఇంటి విషయానికి వస్తే, ఈ ఆదివారం ఒక్క పది నిమిషాలు కేటాయించవలసిందిగా పాఠకులను కోరుతున్నాము. పిల్లల ఉయ్యాల తాడు కొమ్మకు ఒరుసుకొనే చోట వేళ్ళతో తడిమి చూడండి. బావి చేద తాటిని గిలక మీద నుంచి పూర్తిగా దించి, పొడవునా వెలుతురులో పరిశీలించండి. ఎండకు పెళుసుబారిన నైలాన్ తాడును వంచితే పొట్టు రాలుతుంది. అటువంటిది కనిపిస్తే ఆ తాటిని దించి, రెండు ముక్కలుగా కోసి పారవేయండి. కొత్త తాటిని కట్టిన తరువాత పిల్లలను ఎక్కించే ముందు, పెద్దలు ఒకసారి తమ బరువంతా వేసి ఊగి చూడడం మరువవద్దు.

వచ్చే సంచికలో గిలక గురించి ముచ్చటించుకొందాం.